సలాయి పట్టిన ఎండాకాలం

ఎనిమిదో తరగతి పరీక్షలు అయిపోయిన మర్నాడు నేను బస్సు మీది నుంచి పడ్డాను. కదిలే బస్సు కాదు, ఆగిన బస్సు. అందుకే ఎవరికీ నా మీద పెద్దగా జాలి కలగలేదు.

జగదల్‌పూర్ నుంచి రోజుకొకటి వచ్చే ఆ బస్సు భోపాలపట్నం బజార్లో ఆగగానే, వెనక నిచ్చెన పట్టుకుని పైకెక్కడం మా ముగ్గురు దోస్తులకు అలవాటు. ఒకడు చాయ్ హోటలు వాళ్ల అబ్బాయి, ఇంకొకడు వాగు అవతలి ఊరి దొర్ల తెగ పిల్లవాడు, మూడో వాణ్ణి నేను. ఆ రోజు మా నాయిన దుకాణానికి వచ్చిన గుడ్డల బేలు మీద రాజాలా కూర్చున్నాను. క్లీనరు అటుపక్క నుంచి తాడు విప్పాడు. బేలుతో పాటు నేనూ దిగాను. బేలుకు ఏమీ కాలేదు.

కుడికాలు మోకాలి కింద విరిగింది. జగదల్‌పూర్ పెద్దాసుపత్రిలో తొడ సగం నుంచి కాలివేళ్ల దాకా సిమెంటు కట్టు వేసి, రెండు నెలలు నేల మీద పెట్టొద్దన్నారు. తిరుగు బస్సులో చివరి సీటు మీద అమ్మ ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాను. కాలు నడవలోకి పొడుచుకొచ్చి ఉండేది. ఎక్కినవాళ్లంతా దానికి తగలడం, హిందీలోనో హల్బీలోనో గోండిలోనో అయ్యో అనడం. బీజాపూర్‌లో బస్సు ఆగితే నాయిన చాయ్ తెచ్చి నా నోటికి అందించాడు గానీ ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన కోపం అలాగే ఉండేది. పనులన్నీ చేసిపెట్టేది, మాట మాత్రం రానిచ్చేది కాదు.

మా ఇల్లు బజారు మీద ముందు దుకాణం, వెనక నాలుగు గదులు, ఆ వెనక పెరటి వైపు ఒక వసారా. ఆ వసారాలో నులక మంచం వేసి నన్ను పడుకోబెట్టారు. వెదురు తడకలకు వట్టివేళ్లు కట్టి అమ్మ గంటకొకసారి నీళ్లు చల్లేది. బజారు మొత్తంలో మధ్యాహ్నం పూట కూర్చోగలిగిన చోటు అదొక్కటే. అందుకే ఆడవాళ్లంతా అక్కడికే చేరేవాళ్లు. నేను ఒక్కణ్ణే మగపురుగును, అదీ కదలలేని పురుగును.

నాయనమ్మ నా మంచం పక్కనే గోడకానుకుని కూర్చునేది. ఆమె గోదావరి అవతలి మనిషి, సాలెల ఇంటి ఆడపడుచు. పెళ్లై ఇవతలికి వచ్చి యాభై ఏళ్లైనా, రాజ్యాలు పోయి సర్కారు వచ్చి ఇరవై ఏళ్లు దాటినా, తహసీలు ఆఫీసును జమీందారు కచేరి అనే అనేది. తెలుగు, సంతలో పనికొచ్చేంత గోండి, అంతే. హిందీ నేర్చుకోవే అంటే, "ఆ మాట నా నోట్ల తిరగది బిడ్డా, పండ్లున్నప్పుడే తిరగలే" అనేది.

ఆ వసారాకు రోజూ వచ్చే ఇంకో మనిషి సడకు ఓవర్సీరు గారి భార్య. ఎక్కడో ఉత్తరాన మంచు పడే కొండల్లో పుట్టింది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు ఉంటాయేమో. ఓవర్సీరు గారు వారంలో ఐదు రోజులు రోడ్డు పనుల మీద డేరాల్లో ఉండేవారు. మా వెనక ఇంట్లో ఆమె ఒక్కతే. బజారంతా ఓవర్సీరమ్మ అనేవాళ్లు, నేను చాచీ అనేవాణ్ణి. చాచీ చేతిలో ఎప్పుడూ రెండు ఇనుప సలాయిలు, గోధుమరంగు ఉన్ని ఉండ. తన ఊళ్లో ఉన్న తండ్రికి స్వెట్టరు అల్లుతోంది. బయట కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చునే ఎండలో, ఈమె ఉన్ని ముందేసుకుని కూర్చుంటే అమ్మకు చెమటలు పట్టేవి.

"దాన్ని చూస్తేనే నాకు ఉడకపోస్తాంది. చేతులు కాలయా ఈమెకు?" అని నాతో అడిగించేది.

చాచీ నవ్వి, పక్కనున్న చెంబులో వేళ్లు ముంచి తుడుచుకుని మళ్లీ అల్లేది. "మా నాన్నకు ఇప్పుడు కూడా చలి వేస్తూనే ఉంటుంది" అనేది. నాలుగేళ్లైంది ఆమె పుట్టింటికి పోయి.

మొదట్లో నా పని చేతులు చాపి కూర్చోవడమే. లచ్ఛి అనే ఉన్ని చుట్టను నా రెండు చేతులకు తగిలించి, చాచీ దాన్ని ఉండ చుట్టేది. పది రోజులకు కట్టు లోపల దురద మొదలైంది. అలాంటి దురద పగవాడికి కూడా వద్దు. కట్టు మీద గోకితే సిమెంటు రాలడం తప్ప ఏమీ ఉండదు. ఒకరోజు చాచీ నీళ్లు తాగడానికి లేచినప్పుడు, ఆమె సంచిలోంచి ఖాళీ సలాయి ఒకటి లాగి తొడ దగ్గరి సందులోంచి లోపలికి దించాను. స్వర్గం అంటే ఏమిటో ఆ క్షణంలో తెలిసింది. కళ్లు మూసుకుని గోక్కుంటుంటే పక్కన ఎవరో నిలబడ్డట్టు అనిపించింది.

కళ్లు తెరిచేసరికి చాచీ. అరుస్తుందనుకున్నాను. సలాయి లాక్కుని, సబ్బుతో కడిగి తెచ్చి, నా చేతిలోనే పెట్టింది.

"లోపల గీరుకుంటే పుండు పడుతుంది. చేతులు ఖాళీగా ఉంటేనే దురద గుర్తొస్తుంది. ఇలా పట్టుకో."

అలా మొదలైంది. ఒక ముడిని ఫందా అంటారని, అది సీధా, ఉల్టా అని రెండు రకాలని, లోకంలో ఉన్న స్వెట్టర్లన్నీ ఈ రెంటితోనే అవుతాయని చెప్పింది. నా మొదటి వారం పని చివర ఒక గుడ్డముక్క తయారైంది. ఒక కొస బెత్తెడు, ఇంకో కొస జానెడు. నాయనమ్మ దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏంది రా ఇది, జల్లెడనా?"

"నేర్చుకుంటున్న."

"నేర్చుకో, నేర్చుకో. పోగు జారిన కాడ చూసుకో. ఉరికితే పని గాదు."

నాయనమ్మకూ చాచీకీ మధ్య మాట అటూ ఇటూ మోసేది నేనే. అది చాలా సులువైన పని అనుకున్నాను. నాయనమ్మ చాచీని పైనుంచి కిందికి చూసి, "ఎంత బక్కగున్నదిరా పిల్ల. మొగడు అన్నం పెట్టడా, ఈమెనే వండుకోదా, అడుగు" అన్నది. అది ఎలా అడుగుతాను? "మీ అల్లిక చాలా బాగుందంటోంది" అని హిందీలో చెప్పాను. చాచీ తలవంచుకుని అల్లుతూనే, "అల్లికకు అన్నం ఎక్కడి నుంచి వచ్చింది?" అన్నది. బజార్లో నాలుగేళ్లున్న మనిషికి ఆ ఒక్క మాటైనా తెలియకుండా ఉంటుందా! నా మొహం మాడిపోయింది. ఆమె పగలబడి నవ్వింది. ఎందుకు నవ్విందో తెలియకపోయినా నాయనమ్మ కూడా నవ్వింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో పొద్దున చేసిన జొన్నరొట్టెల్లో రెండు చాచీకి పక్కన పెట్టేవాళ్లు.

దోస్తులు మాత్రం మొదట్లో నేను అల్లడం చూడలేదు. అడుగుల చప్పుడు వినగానే సలాయిలు దిండు కిందికి పోయేవి. ఒక సంతరోజు మాత్రం వాళ్లు పెరటి గోడ దూకి వచ్చారు. హోటలబ్బాయి నా చేతుల్లో ఉన్నది చూసి ముందు నమ్మలేదు. తర్వాత కొంగు కప్పుకున్నట్టు తువ్వాలు నెత్తిన వేసుకుని, వయ్యారంగా కూర్చుని, గాల్లో సలాయిలు తిప్పాడు. దొర్ల దోస్తు నవ్వలేదు గానీ ఆపనూ లేదు. నేను ఆ గుడ్డ తీసి పెరట్లోకి విసిరేశాను. వాళ్లు పోయాక గోడవైపు తిరిగి పడుకున్నాను.

నాయనమ్మ లేచి వెళ్లి దాన్ని తెచ్చింది. ఇసుక దులిపి నా కడుపు మీద పెట్టింది.

"మా నాయిన మగ్గం మీద కూసుండి సచ్చిపోయేదాక నేసిండు. మా అన్న నేసిండు. మా తమ్ముడు ఇంకా నేస్తనే ఉన్నడు. వాళ్లు మొగోళ్లు గాదా? పోగుకు ఏం ఎరుక, పట్టినోడు ఆడో మొగో."

ఆమె నోటి వెంట పుట్టింటి మాట రావడం అరుదు. అందుకే నాకు గుర్తుండిపోయింది. అన్నది గానీ, వెంటనే తమలపాకుల డబ్బా ముందుకు లాక్కుని వేరే మాట ఎత్తుకుంది.

నాలుగు రోజుల తర్వాత దొర్ల దోస్తు ఒక్కడే వచ్చాడు. అది బీడీల తునికాకు కాలం. వాళ్ల ఇంటిల్లిపాదీ తెల్లారకముందే అడవికి పోయి ఆకు కోసి, కట్టలు కట్టి, మధ్యాహ్నానికి కల్లంలో వేసేవాళ్లు. వాడి వేళ్లు ఆకు పసరుకు నల్లబడి ఉండేవి. అప్పుడప్పుడు నాకు తునికిపండ్లు, మొర్రిపండ్లు తెచ్చేవాడు. ఆ రోజు తువ్వాలు మూట విప్పితే పండ్లు కాదు. కోడిగుడ్డంత గట్టికాయలు, బూడిదరంగువి, ఒక్కోదానికి తొడిమలా నల్లటి ఉంగరం. ముప్పై దాకా ఉన్నాయి.

"మా అవ్వ సూరుకు కట్టి పెట్టింది. దీనిలకెళ్లి దారమొస్తదట గద? నీ సూదులకు పనికొస్తదేమో అని తెచ్చిన" అన్నాడు. అది వాడు క్షమాపణ చెప్పే పద్ధతి అని నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

నేను మాట్లాడేలోపు నాయనమ్మ మంచం మీదికి వంగింది. ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపింది. బొటనవేలితో నొక్కింది.

"ఏ చెట్టు మీదియి పిలగా?"

"మద్ది చెట్టు."

"అవును, మద్దియే. ఎరుకైతనే ఉన్నది" అన్నది. ఆ కాయ కింద పెట్టకుండానే ఇంకొకటి తీసుకుంది.

అవి దసలి పట్టుకాయలు, అడవి పట్టుపురుగులు కట్టుకునే గూళ్లు. చాచీ వాటిని కోసా అన్నది. ఆ మధ్యాహ్నమే నాయనమ్మ పొయ్యిలోని బూడిద నీళ్లలో కలిపి తేర్చి, ఆ నీళ్లతో కాయల్ని కుండలో ఉడకబెట్టింది. వాసన ముందు వసారా నిండింది, తర్వాత ఇల్లు నిండింది, ఆ తర్వాత దుకాణం దాకా పోయింది. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పెరట్లో నిలబడింది. దారం తీశాక మిగిలిన పురుగుల్ని దొర్ల దోస్తు తర్వాత ఆకులో పొట్లం కట్టుకున్నాడు. "మా ఇంట్ల దీంతోని కూర మస్తుంటది, ఒకసారి తిని చూడు" అన్నాడు. నేను తినలేదు. హోటలబ్బాయి తర్వాత ఎప్పుడో తిన్నాడు, బాగుందన్నాడు.

కాయలు చల్లారాక నాయనమ్మ గోడవైపు జరిగి కూర్చుంది. చీర మోకాలి పైకి జరిపింది. ఎడమ తొడ మీద అరచెయ్యంత మేర చర్మం వేరే రంగులో ఉంది. నున్నగా, రోకలి పట్టిన చోట కర్ర అరిగినట్టు. నేను ఆమె పక్కలో పడుకుని పెరిగినవాణ్ణి, ఆ మచ్చ ఎప్పుడూ చూడలేదు. నాలుగు కాయల పోగులు కలిపి పట్టుకుని, ఆ నున్నటి చోట పెట్టి అరచేత్తో ఒక్కసారి ఒరిపింది. సాలెగూటిలా సన్నటి ఆ నాలుగు పోగులు ఒక్క దారమయ్యాయి. ఎడమ చేతిలోని వెదురు పుల్లల చట్రం తిరిగి దాన్ని చుట్టుకుంది. మళ్లీ ఒరుపు, మళ్లీ చుట్టు. తేనెరంగు దారం. చాచీ సలాయిలు ఒళ్లో పెట్టేసి చూస్తూ కూర్చుంది.

అప్పుడే నాయిన వాసన పట్టుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఏంది ఈ కంపు? గిరాకులు పోతున్..." అని ఆగిపోయాడు.

నాయనమ్మ చీర కిందికి లాక్కోలేదు. చెయ్యి ఆపలేదు.

"అమ్మా, ఎవరన్న చూస్తే ఏమనుకుంటరు?"

"ఏమనుకుంటరు, ముసల్ది పట్టు తీస్తాంది అనుకుంటరు."

నాయిన అమ్మవైపు చూశాడు, నావైపు చూశాడు, పోయాడు. నేను అడిగితే అప్పుడు నాయనమ్మ చెప్పింది. పెళ్లికి ముందు, పెళ్లైన కొత్తలో కూడా ఆమె పట్టు తీసేది. మా తాత బజార్లో దుకాణం పెట్టాక, సావుకారి పెళ్లాం తొడ మీద పట్టు తీస్తే పరువు పోతుందని మాన్పించాడట. "చట్రం నేనే పొయ్యిల పెట్టిన. ఆయన పెట్టమనలే, నాకే కోపమొచ్చి పెట్టిన" అన్నది. అప్పటికి మా నాయిన ఉయ్యాలలో పిల్లవాడు. ఇప్పుడు చేతిలో ఉన్నది కాయలు ఉడికేలోపు తడిక వెదురు చీల్చి తనే కట్టుకున్నది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి దుకాణం వైపు గుమ్మానికి పరదా వేలాడుతోంది. కొత్త గుడ్డ, తానులోంచి చింపినది. మేకులు నాయినే కొట్టాడని అమ్మ చెప్పింది. నాయనమ్మ దాన్ని ఒకసారి చూసింది. కాయల గిన్నె ముందుకు లాక్కుంది.

మూడో రోజుకు ఆమె తొడ మీద చర్మం లేచి రక్తం వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా పని తప్పిన చోటు అది. చాచీ పరుగున పోయి తన మొహానికి రాసుకునే క్రీము తెచ్చి, నేల మీద కూర్చుని రాసింది. నాయనమ్మ "వద్దు బిడ్డా, సల్లగుంటది గని వద్దు, దారానికి జిడ్డంటుతది" అంటూనే రాయించుకుంది. ఇది మాత్రం ఉన్నదున్నట్టు చాచీకి చెప్పాను. రెండు రోజులు ఆగి మళ్లీ మొదలుపెట్టింది.

ఆ నెలంతా అలా గడిచింది. మధ్యాహ్నాలు నాయనమ్మ పట్టు తీయడం, చాచీ నేనూ అల్లడం, అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ మా ముగ్గురినీ వెక్కిరించడం. సంతరోజు దొర్ల దోస్తు ఇంకో మూట కాయలు తెచ్చేవాడు. హోటలబ్బాయి కూడా మెల్లగా దారికొచ్చాడు. ఉన్ని ఉండ చుట్టడంలో వాడికున్న ఒడుపు మాకెవరికీ లేదు. అయితే సలాయి ముట్టుకోమంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. ముగ్గురం పులిజూదం ఆడుకునేవాళ్లం. వాళ్లు వాగులో ఈతకు పోతూ, పోతున్నట్టు నాకు చెప్పకుండా పోయేవాళ్లు. తడి జుట్టుతో వచ్చినప్పుడు తెలిసేది. తెలియనట్టే ఉండేవాణ్ణి.

జూన్ మొదట్లో చాచీకి ఉత్తరం వచ్చింది. తండ్రికి ఒంట్లో బాగుండడం లేదు, ఒకసారి చూసి పొమ్మని. ఓవర్సీరు గారికి పనులు వదిలే వీలు లేదు. ఆయన తమ్ముడు రాయపూర్‌లో ఉన్నాడు, అక్కడి నుంచి రైలెక్కిస్తాడు. కానీ వానలు పడి వాగులు పొంగితే బస్సు ఆగిపోతుంది. ఆగితే మళ్లీ ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరు. వారంలోపు బయల్దేరాలి. స్వెట్టరుకు ఒంటిభాగం, ఎడమ చెయ్యి అయ్యాయి. కుడి చెయ్యి ఇంకా భుజం దగ్గరే ఉంది. మెడపట్టీ, రెండు మణికట్టు పట్టీలు మిగిలాయి. వాళ్ల కొండల్లో భుజం నుంచి కిందికి అల్లి, మణికట్టు ఆఖరున వేస్తారట.

చాచీ సామాను సర్దుకోవాలి. స్వెట్టరు తెచ్చి నా మంచం మీద పెట్టింది.

"కుడి చెయ్యి నువ్వు అల్లు. ఒక వరస సీధా, ఒక వరస ఉల్టా. ఎక్కడ తగ్గించాలో నేను వచ్చి చెబుతాను."

"చెడిపోతే?"

"చెడిపోతే ఆ చెయ్యి జేబులో పెట్టుకుంటాడు."

నాలుగు రోజులు నేను తినడానికి తప్ప ఆపలేదు. దోస్తులు వచ్చినా దిండు కింద దాచలేదు. దొర్ల దోస్తు వరసలు లెక్కపెడుతూ బొగ్గుతో గోడ మీద గీతలు గీశాడు. ఉన్ని చివరి ఉండ చిక్కిపోతూ వచ్చి, అల్లిక మోచెయ్యి దాటి మణికట్టు దగ్గరికి వచ్చేసరికి అయిపోయింది. చాచీ సంచి తిరగేసింది. ఏమీ రాలలేదు. ఉన్ని కావాలంటే జగదల్‌పూర్ పోవాలి, అక్కడ దొరికినా ఈ రంగు దొరకదు. ఆమె మంచం అంచున కూర్చుని, ఆ సగం స్వెట్టరు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాలుగేళ్ల ఏడుపు అది, ఉన్ని కోసం కాదు. నాకు అప్పుడు ఉన్ని కోసమే అనిపించింది.

నాయనమ్మ లేచి లోపలికి పోయింది. పట్టు లచ్ఛులు మూడు తెచ్చి చాచీ ఒళ్లో వేసింది.

"ఇది పెట్టు."

చాచీ కళ్లు తుడుచుకుని, వద్దని చేతులు ఊపింది. ఇది పట్టు, చీర నేయించుకునేది, ఉన్నికి దీనికి అతకదు, నాకోసం పాడు చెయ్యొద్దు అని చెప్పమంది. చెప్పాను.

"అతకకుంటే నేను అతికిస్త. వాళ్ల నాయినకు చలి పెడుతదని రెండు నెలల సంది చెప్తాంది గద. నాకు నాయిన లేడు. ఆమెకున్నడు. తీసుకొమ్మను."

నేను హిందీలోకి మార్చే లోపే చాచీ నాయనమ్మ చేతులు పట్టుకుంది.

పట్టుదారం సన్నం. నాయనమ్మ ఆరారు పోగుల చొప్పున కలిపి తొడ మీద మళ్లీ ఒరిపి ఉన్నిలావు చేసింది. ఇనుప సలాయిల మీద అది పాములా జారేది. మెడపట్టీ చాచీ రెండుసార్లు విప్పి మూడోసారి నిలబెట్టింది. రెండు మణికట్లు మిగిలి ఉండగానే బయల్దేరే రోజు వచ్చేసింది. నా కట్టు కోసే రోజు కూడా దగ్గరికి రావడంతో నాయిన నన్ను అదే బస్సులో తీసుకెళ్లాడు.

బస్సు దగ్గరికి నాయనమ్మ వచ్చింది. చాచీ ఆమె కాళ్లకు దండం పెట్టింది. నాయనమ్మ నేర్చుకోనన్న హిందీలో, తొందరగా రమ్మని ఒక్క ముక్క అన్నది. "జల్దీ ఆనా." అది ఎప్పుడు పట్టుకుందో నాకు తెలియదు.

చివరి సీటులో చాచీ, పక్కన నేను, నా కట్టు కాలు నాయిన ఒళ్లో. స్వెట్టరును మా ఇద్దరి మధ్య పరుచుకున్నాం. ఎడమ మణికట్టు ఆమె, కుడి మణికట్టు నేను. బస్సు గోతిలో పడ్డప్పుడల్లా ఒక ఫందా జారేది, ఏరుకునేవాణ్ణి. బీజాపూర్‌లో ఎక్కిన ఒక పెద్దమనిషి, నాయినకు తెలిసిన బట్టల వ్యాపారే, నన్ను కాసేపు చూసి, "ఏంది సేటూ, పిలగానికి ఆడోళ్ల పని పెట్టినవ్?" అన్నాడు.

నా చెవులు వేడెక్కాయి. సలాయిలు కిందికి దించాను. నాయిన కిటికీ బయటికి చూస్తున్నాడు. అలాగే చూస్తూ అన్నాడు.

"ఎవల పనైతేంది, నేర్చుకున్నడు. బాగనే అల్లుతడు. ఆ అంచు పట్టు మా అమ్మ తీసిందే."

నేను పడ్డ రోజు నుంచి నా గురించి ఆయన అన్న మొదటి మంచి మాట అది. ఆ పెద్దమనిషి వంగి అంచు పట్టుకుని చూశాడు. తర్వాత జగదల్‌పూర్ దాకా వాళ్లిద్దరూ పట్టు గురించే మాట్లాడుకున్నారు. దసలిలో ఏది మేలు, ఏ నెల కాయ గట్టిది అని. నాయినకు అవన్నీ తెలుసని నాకు తెలియదు.

జగదల్‌పూర్ బస్టాండులో దిగేసరికి చినుకులు మొదలయ్యాయి. రాయపూర్ బస్సు కదలడానికి ఇంకా కొంచెం టైముంది. చాచీ బల్ల మీద కూర్చుని చివరి ముళ్లు బిగించి, దారం పంటితో తెంపింది. స్వెట్టరు పైకెత్తి పట్టుకుంది. గోధుమరంగు ఒళ్లు, మెడకూ మణికట్లకూ తేనెరంగు. అప్పుడు చూశాం, నేను అల్లిన చెయ్యి రెండోదానికంటే నాలుగు వేళ్లు పొడుగు. ఆమె నవ్వి, మడిచి సంచిలో పెట్టుకుని, నా తల మీద చెయ్యి వేసి, బస్సెక్కింది.

కట్టు కోశాక నా కాలు నాది కాదనిపించింది. కర్రపుల్లలా, పొట్టు రాలుతూ. నేల మీద మోపడానికి భయపడి నాయిన మెడ పట్టుకుని వేలాడాను. "మోపు, ఏం గాదు, నేను పట్టుకున్న" అని ఆయన ఆసుపత్రి వరండాలో నన్ను అటూ ఇటూ ఎన్నిసార్లు నడిపించాడో.

వానలు తెరిపిచ్చాక చాచీ ఉత్తరం వచ్చింది. తండ్రి కోలుకుంటున్నాడు. స్వెట్టరు విప్పడం లేదు. కుడి చెయ్యి ఒక మడత మడుచుకుంటున్నాడు. ఊళ్లో ఆడవాళ్లు ఆ అంచులు ముట్టుకుని ఇది ఏ గొర్రె బొచ్చు అని అడుగుతున్నారట. నాయనమ్మకు అది చదివి వినిపిస్తే చాలాసేపు నవ్వింది. మళ్లీ చదవమంది.

చాచీ తిరిగి రాలేదు. చలికాలంలో ఓవర్సీరు గారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది, ఆయనే సామాను లారీలో వేసుకుని వెళ్లిపోయారు. పెరటి అవతల ఆ ఇంటి తలుపుకు తాళం చూసినప్పుడల్లా అమ్మ, "ఆ పిల్ల ఉంటే ఈపాటికి వచ్చేది" అనేది. ఉత్తరాలు మాత్రం రెండేళ్లు వచ్చాయి.

అంతకంటే ముందు, దసరా సెలవుల్లో, నాయనమ్మ పుట్టింటికి పోతానంది. పన్నెండేళ్లుగా పోలేదు. వానాకాలం అంతా తీసిన పట్టు మూట కట్టుకుంది. ఆ కాయలు నాయినే సంత నుంచి ఏరి తెచ్చేవాడు. తోడు నన్ను పంపారు. గోదావరి దాకా ఎడ్లబండి, అక్కడి నుంచి నాటుపడవ. పడవలో ఆమె అంచు మీదికి వంగి నీళ్లు దోసిట్లో పట్టి మొహం కడుక్కుంది, నా మొహం కూడా కడిగింది.

అవతలి ఊళ్లో ఆమె తమ్ముడు మగ్గం గుంటలోంచి లేచి వచ్చి అక్కను పట్టుకుని ఏడ్చాడు. సాయంత్రానికి వీధిలోని ముసలమ్మలు నలుగురు చేరారు. అరుగు మీద వరసగా కూర్చుని, చీరలు మోకాళ్ల పైకి జరుపుకుని, పట్టుకాయల గిన్నెలు ముందేసుకున్నారు. వాళ్ల మధ్య మా నాయనమ్మ. నాకు సగం కూడా అర్థం కానంత వేగంగా మాట్లాడుతోంది, ఎవరినో తిడుతోంది, మధ్యలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నేను ఇంట్లో చూసిన మనిషి కాదు. మేము తెచ్చిన పట్టుతో మా పేరు మీద ఒక చీర మగ్గం ఎక్కింది.

వారం అనుకున్నది పదిహేను రోజులైంది. బడి తెరిచే రోజు దాటిపోయింది. నాయిన పడవవాడితో చీటీ పంపాడు, పిల్లవాడికి పాఠాలు పోతున్నాయి, బయల్దేరమని. నేను చదివి వినిపించాను. నాయనమ్మ తొడ మీది పోగు ఒరుపుతూనే విన్నది.

"నువ్వు పో బిడ్డా. పడవ దాకా మా తమ్ముడు వస్తడు. నేను ఇంకొన్నొద్దులు ఉండి వస్త అని చెప్పు."

"ఎన్నొద్దులు?"

ఆమె పక్కనున్న ముసలమ్మల వైపు చూసింది. వాళ్లు నవ్వారు. నేను ఒక్కణ్ణే బయల్దేరాను.